ఒక్క బంతీ జారవిడవనివాడు

డార్మ్‌స్టాట్

అక్కకు శ్రీను దండాలు. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఫోనులో చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. రోజూ రైల్లో ఎష్‌బోర్న్ ఊళ్ళో ఉన్న ఆఫీసుకు వెళ్ళడం, వచ్చాక ఇంత అన్నం, పప్పు వండుకోవడం. ఒంటరిగా ఉండలేక రూమ్మేట్ నయీమ్‌తో కలిసి ఇక్కడి బేస్‌బాల్ టీములో చేరాను. ఆట రాకపోయినా లెక్కలొచ్చు కదా అని, ఆదివారం మ్యాచ్‌లో ఎవరిని ఆడించాలో తేల్చే పని కెప్టెన్ నాకిచ్చాడు.

మనకు తెలిసింది క్రికెట్టేగా! ఎవరు బాగా కొడుతున్నారో చూశాను, ఫీల్డింగులో ఎవరు ఎక్కువ బంతులు జారవిడుస్తున్నారో చూశాను. చివరికి ఒక్క చోటుకు ఇద్దరు మిగిలారు, యానా, స్టెఫాన్. కొట్టడంలో సమానమే. జారవిడవడంలో మాత్రం యానాదే పైచెయ్యి. స్టెఫాన్ చేతిలోంచి ఒక్కటీ జారలేదు. ఇంకేం, పెద్ద తీర్పరిలా అందరి ముందూ యానాను తీసేయమన్నాను. పాపం, ఆ అమ్మాయి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

చిత్తుగా ఓడిపోయాం. స్టెఫాన్ ఆ రోజు కూడా ఏమీ జారవిడవలేదు. తన దగ్గరికొచ్చినవి పట్టాడు, కాస్త అవతలగా పోయినవాటిని చూస్తూ నిలబడ్డాడు. యానా అయితే వాటికీ పరుగెత్తి దూకేది. కొన్ని పట్టేది, కొన్ని చేతికి తగిలి జారేవి. నేను లెక్కపెట్టింది ఆ జారినవే.

తిరిగొస్తుంటే రైల్లో నయీమ్, "ఉరకనోని చేతులకెల్లి బాల్ ఎట్ల జారుతది భయ్?" అన్నాడు.

నువ్వు గుర్తొచ్చావక్కా. సిగ్గుతో తలెత్తలేకపోయాను. మన చెల్లి చిన్ని పెళ్ళికి నేను రాలేదు, సెలవు అడిగి కూడా చూడలేదు. పైగా ఫోనులో నిన్నెన్ని మాటలన్నాను! పెద్దమామయ్యవాళ్ళను పిలవడం మరిచావన్నాను, పెరుగు చాలలేదన్నాను, మగపెళ్ళివారికి గదులు సరిగ్గా చూడలేదన్నాను. హాలు మాట్లాడిందీ, వంటవాళ్ళను కుదిర్చిందీ, ఇల్లిల్లూ తిరిగి పిలిచిందీ నువ్వే. "పొరపాటైందిరా" అని ఊరుకున్నావు. అప్పటినుంచి నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నావు.

యానాకు క్షమాపణ చెప్పాను. "వచ్చే మ్యాచ్‌కి నీళ్ళ బాటిళ్ళు నువ్వే మొయ్యి" అని నవ్వేసింది. నువ్వూ అలా ఏదో ఒకటి అను, నాలుగు తిట్టినా సరే.

బావకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి పంపమని అడుగుదామనుకున్నాను, ఇప్పుడు నోరు రావడం లేదు. చిన్ని పెళ్ళిలో ఒక్క పొరపాటూ చెయ్యనివాణ్ని నేనొక్కణ్నే అక్కా. అందుకు నన్ను క్షమించి, దీవించు.

నీ తమ్ముడు
శ్రీను