మందు చుక్క పడని పచ్చిక

సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరైన దానను, అదే బస్సు నడిపిన డ్రైవరుగారి భార్యను, ఈ వీధివాళ్ళందరికీ కండక్టరమ్మను అయిన నేను, నా తదనంతరం నా స్థిర చరాస్తులు ఎవరికి ఎలా చెందాలో నిర్ణయించుకుని, నా ఇష్టపూర్తిగా రాయిస్తున్న వీలునామా ఇది.

నాకు డెబ్బై దాటాయి. ఒక మోకాలు మొరాయించడం తప్ప ఒంట్లో మరే జబ్బూ లేదు. మొలకను చూసి అది గడ్డో కలుపో కళ్ళజోడు లేకుండా చెప్పగలను. ఎవరి బలవంతమూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, పూర్తి తెలివితో ఇది రాయిస్తున్నాను. ఆ తెలివి సంగతి కొంచెం వివరంగా రాయక తప్పదు. ఒకప్పుడు మా కాలనీ సంఘం ప్రెసిడెంటుగారు నిండు మీటింగులో మైకు పట్టుకుని, "ఆవిడకి మతి సరిగ్గా లేదండీ. బుర్ర ఉన్నవాళ్ళెవరైనా ఇంటి ముందు కలుపు పెంచుకుంటారా?" అన్నారు. నేను స్వస్థచిత్తంతో ఉన్నానని ఈ కాగితం కింద మొదటి సాక్షిగా సంతకం చేయబోతున్నది ఆయనే. నేనే వెళ్ళి అడిగాను. "ఇంతకంటే చిన్న శిక్ష ఏదీ లేదా అమ్మా?" అన్నారు. లేదన్నాను.

సాక్షులకు ఆస్తిలో ఏమీ రాయకూడదని వకీలుగారు చెప్పారు. ప్రెసిడెంటుగారికి కలుపు చెక్కే నా దోకుడుపార రాద్దామనుకున్నాను, కుదరలేదు. అందుకని మొన్ననే చేతికిచ్చేశాను. ఆయన గేటు పక్కన తుంగ ఇంకా చాలా ఉంది.

ఇదివరకు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాశానని ఎవరైనా చూపిస్తే అది చెల్లదు.

1. ఇల్లు. మా ఇద్దరి జీతాలతో కట్టుకున్నదీ, తూర్పున వీధి, పడమట నీళ్ళ ట్యాంకు గోడ, దక్షిణాన టైలరు ఇల్లు, ఉత్తరాన మా మరిది ఇల్లు హద్దులుగా గలదీ అయిన ఈ ఇంటిని సైకిలు షాపు నడిపే మా అమ్మాయికి సర్వహక్కులతో రాస్తున్నాను. అద్దెకిచ్చుకున్నా, అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. ఒకటే షరతు. తన చేతిలో ఉన్నంతకాలం ఈ నేల మీద కలుపుమందు గానీ, పురుగుమందు గానీ, బస్తాల్లో వచ్చే తెల్ల ఎరువు గానీ పడకూడదు. పడిందా, ఇల్లు పక్కింట్లో ఉన్న వాళ్ళ పిన్నికి పోతుంది. వాళ్ళ పిన్ని కళ్ళు ఎంత చురుకైనవో అమ్మాయికి తెలుసు.

2. పచ్చిక. ఇంటి ముందు పచ్చిక మాకూ మా మరిదికీ కలిపి ఒకటే. మధ్యలో గోడ కట్టుకోవద్దని అన్నదమ్ములిద్దరూ ముందే అనుకున్నారు. అందులో నా సగం కూడా మా అమ్మాయిదే. అయితే అక్కడ ఏం జరిగిందో తెలియకుండా తీసుకుంటే అది ఊరికే గడ్డి. అందుకని రాస్తున్నాను.

మా మరిదికి బజారులో పురుగుమందుల దుకాణం. మా పచ్చికే ఆ దుకాణానికి షోకేసు. బేరానికొచ్చినవాళ్ళను ఇంటిదాకా తీసుకొచ్చి మరీ చూపించేవాడు. ఒక ఏడాది వేసవి చివర గడ్డి వేళ్ళకు పురుగు పట్టకుండా ఏవో గుళికలు చల్లించి నీళ్ళు పెట్టించాడు. మర్నాడు డ్యూటీకి బయలుదేరుతూ చూస్తే గడ్డి మీద గోరింకలు పడి ఉన్నాయి. కొన్ని ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మట్టిలోంచి బయటికొచ్చిన వానపాములు ఎండకు తాళ్ళలా బిగుసుకుపోయాయి. గోరింకలను ఏరి నా టికెట్ల సంచీలో వేసుకున్నాను. వేరే ఏదీ చేతికి అందలేదు.

మరిది వరండాలో కాఫీ తాగుతూ, "నాలుగు పిట్టలు పోతే ఏమైంది వదినా? గడ్డి చూడు, ఎలా మెరుస్తోందో" అన్నాడు.

"మెరవనీ నాయనా. నా వైపు మాత్రం ఇంక ఒక్క చుక్క పడదు" అన్నాను.

ఆ ఆదివారం మా వారు మధ్యలో ఒక ఇటుకల వరస పాతారు. మరిది నవ్వుతూ ఇటుకలు అందించాడు. రెండు నెలల్లో నేనే వచ్చి మందు అడుగుతానని వాడి ధీమా.

అడగలేదు గానీ, అడగాలనిపించిన రోజులు ఉన్నాయి. మత్తు అలవాటైన మనిషికి మత్తు మాన్పించినట్టు నా గడ్డి పాలిపోయింది. తుంగ లేచింది, పులిచింత పాకింది. పిడికెడు మట్టి తీస్తే ఇటుక పొడిలా ఉండేది, అందులో ప్రాణమున్నది ఒక్కటీ లేదు. వంటింటి తొక్కలూ, ఎండుటాకులూ గుంతలో కుళ్ళబెట్టి, ఆ ఎరువు జల్లెడ పట్టి, నేలను ముల్లుపారతో గుచ్చి గుచ్చి పలచగా చల్లాను. వాన పడ్డాక మట్టి మెత్తగా ఉన్నప్పుడు కూర్చుని కలుపు వేళ్ళతో సహా లాగాను. గడ్డిని మరీ గుండు కొట్టించకుండా ఎత్తుగా కోసి, కోసినది అక్కడే వదిలేశాను. నీళ్ళు రోజూ చిలకరించడం మాని, అప్పుడప్పుడూ లోపలిదాకా తడిపాను. గడ్డికి చేసింది ఇంతే. కష్టమంతా వీధివాళ్ళ మాటలు పడటంలోనే ఉంది. మా ఇంటికి అడివి అని పేరు పెట్టారు. పాలవాడు కూడా "అడివి దగ్గర రెండు ప్యాకెట్లు" అనేవాడు.

చివరికి సంఘం నోటీసు పంపింది. నా కలుపు గింజలు వీధంతా పాకుతున్నాయట. నేను మందు కొట్టించకపోతే వాళ్ళే మనుషుల్ని పంపి కొట్టిస్తారట.

3. పేము కుర్చీ. మా వారి పేము కుర్చీని వీధి చివరి పార్కుకు ఇస్తున్నాను. గొలుసు వేసి కట్టకూడదు. ఎవరైనా కూర్చోవచ్చు, ఎంతసేపైనా కూర్చోవచ్చు.

అన్న ప్రకారం ఒక ఉదయం వీపున డబ్బాలు తగిలించుకుని ఇద్దరు మనుషులు వచ్చారు. నేను గేటు దగ్గరికి వెళ్ళేలోపే మా వారు ఈ కుర్చీ తెచ్చి పచ్చిక నడుమ వేసుకుని, పేపరు విప్పి కూర్చున్నారు. లేవమని వాళ్ళు బతిమాలారు.

"కొట్టుకోండి బాబూ, నన్ను కూడా కలిపి కొట్టండి. నేను లేచేది లేదు. జీవితమంతా కూర్చుని చేసే ఉద్యోగమే చేశాను, నాకిది అలవాటే" అన్నారు.

వాళ్ళు ప్రెసిడెంటుగారికి ఫోను చేశారు. ఆయన రానూ లేదు, పొమ్మననూ లేదు. ఎండ ముదిరింది. పక్కింటి వరండాలోంచి మా తోడికోడలు దిగివచ్చి, మొగుడు చూస్తుండగానే, మా వారికో గ్లాసు, ఆ ఇద్దరికీ చెరో గ్లాసు మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ నీళ్ళు తాగి వాళ్ళు కూడా వెళ్ళిపోయారు. మా వారు మాత్రం చీకటి పడేదాకా లేవలేదు, మళ్ళీ వస్తారేమోనని.

నిజానికి ఎరువు గుంత అంటే ఆయనకు గిట్టేది కాదు. "నీ గుంత వాసన నా వల్ల కాదే. కానీ నీ గడ్డి జోలికి ఎవడొచ్చినా ఊరుకోను" అన్నారు ఆ రాత్రి అన్నం తింటూ. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన నాతో చెప్పిన ప్రేమ మాటల్లో అదే పెద్దది. మరుసటి చలికాలం గుండెపోటుతో పోయారు. పచ్చిక పచ్చబడటం ఆయన చూడలేదు. ఈ కాగితంలో నాకు బాధ కలిగించే వాక్యం ఇదొక్కటే.

4. గడ్డి కోసే యంత్రం. చేత్తో తోసే ఈ యంత్రాన్ని, పదును పెట్టే రాయితో సహా, మా తోడికోడలికి రాస్తున్నాను. బ్లేళ్ళు అరిగితే మా అమ్మాయి షాపులో ఊరికే పదును పెట్టించుకునే హక్కు కూడా ఆమెకు ఉంటుంది.

మా వారు పోయాక వచ్చిన రెండో వానాకాలంలో వీధిలో ప్రతి పచ్చిక మీదా గోధుమరంగు మచ్చలు లేచాయి. వేరుపురుగు. తెల్లగా, లావుగా, ముడుచుకుని మట్టిలో పడుకుని గడ్డి వేళ్ళు కొరికేస్తుంది. దుకాణం ముందు జనం బారులు తీరారు. మరిది తన సగానికి ఒకటికి రెండుసార్లు మందు పోయించాడు. అయినా గడ్డి చాప చుట్టినట్టు చుట్టుకుని ఊడివచ్చింది. నా వైపు మట్టి తవ్వి చూస్తే అక్కడా పురుగే. నేను చేసినదంతా మట్టిపాలేనా అనుకుంటూ అలాగే గట్టు మీద కూలబడ్డాను.

గోరింకలు అప్పుడు దిగాయి. ముందు ఒక జత, తరువాత గుంపు. నా మెత్తటి మట్టిలో కళ్ళదాకా ముక్కు దించి పురుగును లాగి మింగడం మొదలుపెట్టాయి. నా సంతోషం అరనిమిషం నిలవలేదు. రెండు పిట్టలు ఇటుకల వరస దాటి మందు పోసిన సగం వైపు నడిచాయి. చీపురు తీసుకుని పరుగెత్తాను. మోకాలి సంగతి అప్పుడు గుర్తులేదు. ఇటు తోలితే అటు నుంచి, అటు తోలితే ఇటు నుంచి దాటుతున్నాయి, నాకున్నవి రెండే చేతులు.

అప్పుడు పక్కింటి తలుపు తెరుచుకుంది. మా తోడికోడలు తన చీపురుతో వచ్చి ఇటుకల అవతల నిలబడింది. "నువ్వు ఆ చివర చూసుకో అక్కా, ఈ చివర నేను చూసుకుంటా" అంది. పిట్టలు కడుపునిండా తిని ఎగిరిపోయేదాకా ఇద్దరం కాపలా కాశాం. తరువాత ప్రతి ఉదయం అదే పని. మరిది వరండాలో నిలబడి, కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా చూసేవాడు. మూడో రోజో నాలుగో రోజో మా తోడికోడలు భర్తవైపు తిరిగి, నాకు కూడా వినబడేలా, మెల్లిగానే అంది: "ఇంకొకసారి మన వైపు మందు పడితే నా మంచం అక్కవాళ్ళింట్లో."

మళ్ళీ పడలేదు.

వానలు వెనుకబట్టేసరికి వీధి మొత్తం మీద పచ్చగా ఉన్నది ఒక్క అడివే. ప్రెసిడెంటుగారు వచ్చి, చెప్పులు గేటు బయట విడిచి, వంగి గుప్పెడు గడ్డి పట్టుకుని లాగి చూశారు. ఊడలేదు. రెండు చేతులతో లాగారు. "పట్టు గట్టిగానే ఉందమ్మా" అన్నారు. గడ్డి గురించే అన్నారో, నా గురించే అన్నారో నేను అడగలేదు. ఆ తరువాతి మీటింగులో ఈ వీధిలో ఎవరి పచ్చిక మీదా మందు కొట్టకూడదని తీర్మానం పెట్టారు. బలపరుస్తున్నానని ముందుగా లేచి చెయ్యెత్తినవాడు మా మరిది.

5. ఎరువు గుంత. పెరట్లోని ఎరువు గుంతనూ, జల్లెడనూ, ముల్లుపారనూ మా మరిదికి రాస్తున్నాను. రోజులో ఏ వేళనైనా పక్క వాకిలి గుండా వచ్చి గుంత తిరగేసుకునే దారి హక్కు అతనికి ఉంటుంది. మా అమ్మాయి అడ్డు చెప్పరాదు.

మీటింగు అయిన వారానికి వచ్చాడు. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి, "వదినా, ఆ వానపాములు ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు.

"అవి దొరకవు నాయనా. పెట్టేది పెడితే వాటంతటవే వస్తాయి" అన్నాను. చాలా ఏళ్ళుగా దాచుకున్న మాట కాబట్టి నిదానంగా, రుచి చూసుకుంటూ అన్నాను.

ఇప్పుడు దుకాణం బోర్డు మీద తోట సామాను అని ఉంది. పారలూ, జల్లెళ్ళూ, వానపాముల ఎరువూ అమ్ముతున్నాడు. మందుల మీద కంటే వీటి మీదే బేరం బాగుందట. ఇదంతా మొదటి నుంచీ తనే చెబుతున్నానని వచ్చినవాళ్ళతో అంటున్నాడని కూడా విన్నాను. అననివ్వండి. ఓడినవాడు గెలిచినట్టు చెప్పుకునేంత పెద్ద గెలుపు నాది.

6. చిన్న వస్తువులు. డిపో క్యాంటీన్ నడిపే ఆవిడకు నా గులాబీ కుండీలు అన్నీ. టీ పిప్పి గోనెసంచుల్లో కట్టి, మా రూటు బస్సెక్కించి, ఏళ్ళ తరబడి నా గుంతకు పంపింది. ఆకుల మీద బూడిద తెగులు కనిపిస్తే పాలల్లో నీళ్ళు కలిపి చల్లమనండి. పేనుబంక పట్టినప్పుడు మాత్రం కంగారుపడి సబ్బునీళ్ళు పట్టుకోవద్దు, దాన్ని తినే అక్షింతల పురుగులకు నాలుగు రోజులు టైమివ్వాలి. మా మనవరాలికి నా టికెట్ల సంచీ, అందులోని విత్తనాలతో సహా. ఏవి ఏ విత్తనాలో రాసిపెట్టలేదు. నాటి తెలుసుకోవాలి.

7. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా తోడికోడలిది. పంపకాల్లో ఎవరికైనా పేచీ వస్తే ఆమె మాటే ఆఖరు. ఆమె ఎక్కువ మాట్లాడదు కాబట్టి జాగ్రత్తగా వినాలి.

8. నన్ను తీసుకెళ్ళే రోజున జనం వస్తారు. బస్సు డిపో అంతా వస్తుందని నా నమ్మకం. వాళ్ళను రోడ్డు మీద నిలబెట్టకండి. అందరినీ పచ్చిక మీదికి రానివ్వండి, రెండు సగాల మీదికీ. తొక్కితే నలుగుతుందని ఎవరూ బెంగపడనక్కర్లేదు. ఒక వాన పడితే లేస్తుంది.

పై విషయాలన్నీ వకీలుగారు నాకు చదివి వినిపించగా, సరేనని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను. ఈ వీలునామా నా తదనంతరం మాత్రమే అమల్లోకి వస్తుంది. ప్రస్తుతానికి నేను బతికే ఉన్నాను. హైస్కూలు ఆటస్థలాన్ని మందు లేకుండా పచ్చగా చేసిపెట్టమని హెడ్మాస్టరుగారు స్వయంగా ఇంటికొచ్చి అడిగారు. ఆ నేల బండరాయిలా ఉంది, మూడు నాలుగేళ్ళ పని. ఒప్పుకున్నాను.

తేదీ: 2023 జూన్ 11, ఆదివారం

(సంతకం) కండక్టరమ్మ

సాక్షులు:
1. (సంతకం) కాలనీ సంఘం ప్రెసిడెంటు, పళ్ళ డాక్టరు
2. (సంతకం) దక్షిణం వైపు ఇంటి టైలరు

రాసినవారు: వకీలుగారి గుమాస్తా