బలం గోళీ

సారపాక,
ఆదివారం

అత్తమ్మకు,

పుష్పలత దండాలు. ఫోన్‌లో ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే రాసి, ఏన్కూరు వస్తున్న మా పక్కింటి ముత్యాలు చేతికి ఇస్తున్నాను. చదివాక ఎంతైనా తిట్టండి.

నేనూ మీ కొడుకూ ఇక్కడ మిల్లులో షిఫ్టులకు పోతున్నామని బిడ్డ సుజనను మీ దగ్గర ఉంచాం. జూన్‌లో నేనిచ్చిన గోళీలు బలానికని చెప్పాను. అబద్ధం. ఖమ్మంలో పిల్లల డాక్టరమ్మ రాసిన మందు అది. సుజనకు ధ్యాస ఒకచోట నిలవని జబ్బు ఉందట. బడిలో బెంచీ దిగి తిరగడం, చెప్పిన పని సగంలో మరిచిపోవడం దానివల్లేనట. ఆ మాట విని దవాఖానా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అప్పటికే ఆ పిల్లను ఎన్ని దెబ్బలు కొట్టానో మీకు తెలుసు.

"తలకాయ మందులు మింగితే పోరగాండ్లు మొద్దుబారుతరు" అని మీరు ఒకసారి అన్నారు. ఆ భయంతో దాచాను.

మొన్న పిల్లను మళ్లీ చూపించడానికి తీసుకుపోతే, కళ్ల కింద నలుపు చూసి "నిద్రపోతలేదా?" అన్నది డాక్టరమ్మ. గోళీ ఎప్పుడు వేస్తున్నారని అడిగితే పొద్దున్నే అన్నాను. నిజానికి నేను మీకు వేళ చెప్పనే లేదు. బడిలోనూ మార్పు లేదు. "గోళీలు బంద్ చెయ్, హాస్టల్ల ఏద్దాం" అంటున్నాడు ఈయన. అక్కడ దాన్ని ఎవరు ఓర్చుకుంటారు? మీరు ఎప్పుడు ఇస్తున్నారో చెప్పండి.

మీ కోడలు,
పుష్పలత


ఏన్కూరు,
పదిహేను రోజులకు

పుష్పకు,

మీ అత్త చెప్తున్న. రాసేది నీ బిడ్డనే, నాకు కండ్లు ఆనవు.

బలం గోళీ పొద్దున ఎవరన్న ఇస్తరా? రాత్రి బువ్వ తిన్నంక పాలతోని ఇస్తేనే ఒంటికి పడుతది. గట్లనే ఇచ్చిన. పిల్ల తెల్లందాక పొర్లుడు, బడిల కునుకుడు. నువ్వు అబద్ధమాడినవ్, నేను నమ్మిన. గంతే.

ముత్యాలు నీ ఉత్తరం చదివి వినిపించిననాడే, గోళీల సంచిల ఉన్న దవాఖాన చీటీ మీది నంబరుకు ఫోన్ చేయించి డాక్టరమ్మతోని మాట్లాడిన. పొద్దున తిన్నంక ఇయ్యమన్నది. ఇప్పుడు నిద్రపోతున్నది. "మందొక్కటే చాలదమ్మా, పని కొంచెం కొంచెం చెప్పున్రి" అన్నది. చాటెడు మిర్చికి తొడిమలు తీపిస్త, లేచి ఉరికి రమ్మంట, మళ్ల చాటెడు. మొద్దుబారుతరన్న మాట నేను తెల్వక అన్న.

హాస్టల్ మాట ఎత్తితే నీ మొగన్ని గడప తొక్కనియ్య. ఆడు బడి గోడ ఎన్నిసార్లు దుంకిండో ఆన్నే అడుగు.

పిల్లకు గూడ చెప్పిన, ఇది నీ ధ్యాసకు మందని. "అయితే నేను మొండిదాన్ని కాదా?" అన్నది. కాదు బిడ్డా అన్న. గా మాట నువ్వొచ్చి ఇంకోసారి చెప్పు.

మీ అత్త,
పద్మావతమ్మ

అమ్మా, ఇది రాసేటప్పుడు మూడుసార్లు లేచాను. రెండుసార్లు నీళ్లు తాగి రమ్మని నానమ్మే పంపింది. ఒకసారి ఎందుకు లేచానో గుర్తులేదు. కానీ మళ్లీ వచ్చి కూర్చున్నాను.

సుజన