పడవలో మిగిలిన మూట

సెప్టెంబర్ 6, 2010

పడవలో చెత్త వివరాలు రాయడానికి రిజిస్టర్ పెట్టాలన్నారు. ఒకటి కొనబోయి రెండు కొన్నాను. రెండోది నాకోసం. ఏడో తరగతిలో బడి మానేసినవాడు డైరీ రాస్తున్నాడంటే యమున ఊరంతా చెప్పి నవ్వుతుంది. భార్య కదా, ఆ హక్కుంది. అందుకే దీన్ని ఇంటికి తీసుకుపోను. పడవలోనే ఉంటుంది.

కొత్త రూల్స్ చదవడానికి మున్సిపల్ ఆఫీసు రఘుపతి సారు మా పడవల వాళ్లందరినీ బ్రిడ్జి కింద ఘాట్‌కు పిలిపించాడు. పడవ మీద బోర్డు ఉండాలి. మూత ఉన్న డస్ట్‌బిన్ ఉండాలి. పడవలో పడ్డ చెత్త ఒడ్డుకే రావాలి, మున్సిపల్ ట్రాక్టర్‌కు ఇచ్చి సంతకం పెట్టించుకోవాలి. బూడిద, పూలు నదిలో వదలొచ్చు. బట్టలు, కవర్లు, పటాలు, కుండలు వదలకూడదు. మొదటిసారి దొరికితే వార్నింగ్, రెండోసారికి పర్మిట్ రద్దు.

నేను చెయ్యెత్తాను. సారూ, మనిషి దూకితె పూల కింద రాయాల్నా, చెత్త కింద రాయాల్నా అని అడిగాను. అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. గులాం అలీ నా తొడ గిల్లాడు.

పడవ నాది, ఇంజన్ గులాంది. మెకానిక్ పని మానేసి నాతో చేరాడు. ఆ తెలివితక్కువ పని గురించి రోజూ గుర్తు చేస్తుంటాను.

సెప్టెంబర్ 9

ఈరోజు రిజిస్టర్‌లో చెత్త కింద ‘గులాం అలీ జోకు, ఒకటి, పాడైపోయినది’ అని రాశాను. ట్రాక్టర్ డ్రైవర్ చదవకుండా సంతకం పెట్టాడు.

సెప్టెంబర్ 20, సాయంత్రం

వార్నింగ్ వచ్చింది.

వినాయకుణ్ణి తెచ్చిన కాలనీ వాళ్లు నది మధ్యలో దండల కవర్లు విసిరేశారు. నేను అరిచేలోపే అయిపోయింది. ఒడ్డు మీద ఆఫీసు మనిషి ఫోటో తీశాడు. ఇప్పుడు కాగితం చేతికిచ్చాడు.

గులాం దాన్ని రెండుసార్లు చదివాడు. అన్నా, ఇంకొక్కటైతె ఖతం, నీకు ఇల్లన్న ఉన్నది, నాకు గీ ఇంజనొక్కటే అన్నాడు. వాడి భార్య షాహీదాకు ఎనిమిదో నెల. ఏదో ఒక మాట అని నవ్విద్దామనుకున్నాను. వాడి ముఖం చూసి మానుకున్నాను. వాడే మళ్లీ, రూల్ తప్పేం గాదన్నా, మన నల్లాలల్ల వచ్చేటియి గీ నీళ్లే గదా అన్నాడు.

ఇక నుంచి పడవలోంచి ఏదీ పోనివ్వనని మాటిచ్చాను. నిజంగానే ఇచ్చాను.

సెప్టెంబర్ 22

పోశం అన్న పోయాడు. పొద్దున ఆరుంబావుకు, దవాఖానలో. ఊపిరి అందలేదు.

ఇరవై రెండేళ్లు ఒకే గని, ఒకే షిఫ్టు. ఇద్దరం జోడీగా బొగ్గు నింపాం. ఆయన టిఫిన్‌లో కప్పను పెట్టింది నేను. నా బూట్లలో గ్రీజు పూసింది ఆయన. నేను వీఆర్‌ఎస్ తీసుకుని పడవ కొన్నానంటే, భూమి కింద సతాయించింది చాలలేదారా, ఇగ నీళ్ల మీద గూడ సతాయిస్తవా అన్నాడు.

అన్న భార్య సారవ్వ వదిన ఏడవడం లేదు. నేను లోపలికి పోగానే, మీ అన్న లేస్తలేడు ముత్యం, నువ్వన్న ఏదన్న జెయ్యి అంది.

అన్న కాళ్ల మీది దుప్పటి సర్దాను.

సెప్టెంబర్ 25, పది గంటలు

రాయాలి. రాస్తేగానీ ఇంటికి పోలేను.

వదిన బూడిద కుండ తెచ్చింది. ఒక మూట కూడా తెచ్చింది. అన్న దుప్పటిలోనే కట్టిన ఆయన చొక్కాలు, లుంగీ, గని బూట్లు. వాళ్లకు పిల్లలు లేరు. కొరివి పెట్టింది అన్న తమ్ముడి కొడుకు సదయ్య. వాడికి నీళ్లంటే భయం, ఒడ్డు మీదే ఆగిపోయాడు. ఆడమనిషి పడవెక్కొద్దని చుట్టాలన్నారు. ఇన్నేండ్లు డ్యూటీ నుంచొస్తె తువ్వాల అందిచ్చిన, గిదొక్కటి అందియ్యకుంట ఉంటనా అని ఎక్కేసింది.

వాళ్లింట్లో ఒక పద్ధతి. పోయినవాళ్లవి ఇచ్చేవాళ్లు వెనక్కి చూడకూడదు. చూస్తే పోయినవాళ్లకు పోబుద్ధి కాదట. వదిన ముందు కొసన ఒడ్డు వైపు తిరిగి కూర్చుంది. ముందు కుండను వెనక్కి అందించింది. బూడిద కలిపాను. తర్వాత మూట అందించింది.

మూట నా చేతుల్లో ఉంది. బరువుగా ఉంది, బూట్ల వల్ల. ఒడ్డు మీద ఆఫీసు మనిషి కెమెరా పట్టుకుని ఉన్నాడు. గులాం ఇంజన్ ఆపేసి నన్ను చూస్తున్నాడు. బతిమాలినా బాగుండేది.

ముందే చెప్పాల్సింది, బట్టలు వదలనివ్వరు వదినా అని. మూడు రోజుల నుంచి చెప్పలేకపోయాను.

మూటను చప్పుడు కాకుండా డస్ట్‌బిన్‌లో పెట్టాను. తెడ్డును వెడల్పుగా తిప్పి నీళ్ల మీద గట్టిగా కొట్టాను. బుడుంగుమంది.

వదిన భుజాలు సడలిపోయాయి. పోయిండా అంది. పోయిండు వదినా అన్నాను.

ఇంత బాగా కుదిరిన పరాష్కం, వేళాకోళం, నా బతుకులో ఇంకోటి లేదు.

అదే రోజు, మూడు గంటలు

ట్రాక్టర్ వచ్చింది. కుండ ఇచ్చాను, రిజిస్టర్‌లో రాశాను, సంతకం పెట్టించాను. మూట ఇవ్వలేదు. పోశం అన్న బూట్లను అరటి తొక్కల మీదికి ఎలా విసరను. టార్పాలిన్ కింద దాచాను.

రూల్ పాటించినవ్, దాంట్ల తప్పు లేదు అన్నాడు గులాం. టార్పాలిన్ కొస లోపలికి దోపి, మరి చప్పుడెందుకు జేసినవన్నా అని అడిగాడు.

సెప్టెంబర్ 27

గులాం లేనప్పుడు మూటను నది ఎగువకు తీసుకుపోయి వదిలేద్దామనుకున్నాను. రెండ్రోజుల నుంచి వాడు ఇంజన్ తాళం ఇంటికి తీసుకుపోతున్నాడు.

సెప్టెంబర్ 29

రఘుపతి సారు తనిఖీకి వచ్చి టార్పాలిన్ ఎత్తాడు. ఇదేంటని అడిగాడు. పోయినాయన బట్టలు సారూ, నీళ్లల్ల ఎయ్యనియ్యలే అన్నాను.

సారు మొదటిసారి నవ్వాడు. భుజం తట్టాడు. అక్టోబర్ రెండున ఇదే ఘాట్ దగ్గర మీటింగట. నది పాలు కాకుండా ఆపిన వస్తువులు జనానికి చూపిస్తారట. నాకు శాలువా. వార్నింగ్ కాగితం కూడా వెనక్కి తీసుకుంటానన్నాడు. ఆ మాటకు గులాం రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను. సారు మూటను జీపులో పెట్టించుకుని పోయాడు.

అక్టోబర్ రెండు పోశం అన్న పదకొండో రోజు. వదిన వచ్చేది ఈ ఘాట్‌కే.

అక్టోబర్ 1

వదిన ఇంటికి పోయాను. దారిలో నాలుగుసార్లు మాటలు కూడబలుక్కున్నాను.

వదినా, ఆ మూట నేను నీళ్లల్ల ఎయ్యలే, డబ్బాల పెట్టి తెడ్డుతోని నీళ్లను కొట్టిన అన్నాను.

నా ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వింది. అన్న పోయాక ఇదే మొదటిసారి. లోపలి నుంచి చుట్టాలు వచ్చి చూశారు. మీ అన్న బోయిండు గని నీ పరాష్కాలు బోలేదు మరిదీ, నాకు చెవులు లెవ్వా, చప్పుడు నేను ఇనలేదా అంది.

నిజం వదినా అన్నాను. ఇంకా నవ్వింది. రేపు ఆ ఘాట్‌కు రావొద్దు, వేరే దిక్కు పోదామన్నాను. ఇగ చాలు, ఆకలైతున్నదా అని అడిగింది.

అన్నం పెట్టింది. తిన్నాను.

అక్టోబర్ 2, మధ్యాహ్నం

బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. మూట విప్పేశారు. బూట్లు పక్కపక్కన పెట్టారు, షిఫ్టుకు పోతున్నట్టు. నా మెడలో శాలువా వేశారు. చప్పట్లు కొట్టారు.

వదిన స్నానం చేసి తడి చీరతో మెట్లెక్కి వచ్చింది. బల్ల దగ్గర ఆగింది. ఎడమ బూటుకు లేసు తెగితే తన చీర అంచు చింపి కట్టిందట. ఆ ముడిని వేలితో ముట్టుకుంది. గియ్యి ఈడున్నయేంది అని అడిగింది. రఘుపతి సారుకు ఏమీ తెలియదు. ఈ ముత్యం గారే నదిలో పడకుండా ఆపారమ్మా, ఇలాంటివాళ్లు కావాలి అని చెప్పాడు.

వదిన నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, మరి బూడిదన్న గలిపినవా ముత్యం అని అడిగింది.

కలిపిన వదినా అన్నాను.

గులాం పరుగెత్తుకొచ్చాడు. అల్లా మీద ఒట్టు అక్కా, నా కండ్లతోని జూసిన అన్నాడు.

చప్పుడు గూడ నేను నా చెవులతోని ఇన్న అంది.

ఒక్కొక్కటే దుప్పట్లో పెట్టి మూట కట్టుకుంది. నెత్తిన పెట్టుకుని పోయింది. సారు కూడా ఆపలేదు.

అక్టోబర్ 5

పర్మిట్ నిలిచింది. గులాం పర్మిట్ కాగితాన్ని ముద్దు పెట్టుకుని, నన్ను చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వదిన ఇంటికి రెండుసార్లు పోయాను. యమునను కూడా తీసుకుపోయాను. మూట గురించి ఒక్క మాట అనడం లేదు. బూడిద గురించే అడుగుతోంది. కుండేం జేసినవ్ అంది. ట్రాక్టర్‌కు ఇచ్చానన్నాను, రిజిస్టర్ తెచ్చి చూపించాను. సదయ్య గట్టిగా చదివాడు. ‘మట్టి కుండ, ఒకటి.’

అండ్ల బూడిద ఉండంగనే ఇచ్చినవా అంది.

ఖాళీ కుండ అని నేను రాయలేదు.

అక్టోబర్ 9

కలిపాను. ఆరోజు కుండ వంచితే బూడిద ముందు రాలేదు. తడిసి గట్టిపడింది. వేళ్లతో తీయాల్సి వచ్చింది. కొంత మునిగింది. కొంత తెల్లగా పరుచుకుని పడవ వెంట కాసేపు వచ్చింది. నేను చూశాను.