అద్దాల్లేని కళ్లజోడు

చిట్టితల్లికి అమ్మమ్మ ముద్దులు. నేను బాగానే ఉన్నాను, నా బెంగంతా నీ గురించే. నిన్న సీరియల్లో టీచరమ్మ వేషంలో నువ్వు కళ్లజోడు లోంచి వేలు దూర్చి కన్నీళ్లు తుడుచుకున్నావు. జోడుకి అద్దాలే లేవు! కళ్లజోళ్ల షాపతన్ని అడిగితే, "లైట్లు పడి మెరుస్తాయని తీసేస్తారు మామ్మగారూ" అన్నాడు. అందుకేనా మెట్లు తడుముకుంటూ దిగావు? పక్కింటావిడ "ఎంత బాగా నటించిందండీ మీ మనవరాలు!" అంటోంది. అద్దాలు లేకపోతే నీకు గడప కూడా ఆనదని ఆవిడకేం తెలుసు? మెరవని అద్దాలు పెట్టించమని అడుగు, మొహమాటపడకు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ. అద్దాలు వచ్చేదాకా గుర్తుపెట్టుకో, ఆ మెట్లు పదకొండు. పొద్దున సీరియల్ మళ్లీ వేస్తే లెక్కపెట్టాను. చివరిది కాస్త ఎత్తు.