రెండు సీట్ల బండి

మార్చి 4

ఎర్రది వచ్చేసింది! అచ్చం స్పోర్ట్స్ కారే, నిజం దానిలో పద్దెనిమిదో వంతు సైజు. తలుపులు తెరుచుకుంటాయి, స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరుగుతాయి. ఇదంతా పెట్టె మీద చదివిందే. సీల్డ్ పీస్. విప్పితే నాలా బొమ్మకార్లు సేకరించే కలెక్టర్ల దృష్టిలో విలువ పడిపోతుంది. అందుకే విప్పను. చూడని కారు ఉంటే ఎంత, లేకపోతే ఎంత అన్నారు మా ఆయన. ఈయనతో ఇంతే.

మార్చి 9

అత్తయ్యని ఆసుపత్రి నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాం. స్ట్రోక్. మాట బాగానే ఉంది, కుడిచెయ్యే మొరాయిస్తోంది. సర్వీసంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఒక్క కేకతో బస్సు బస్సంతా ముందుకి జరిగేదట. ఇప్పుడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తున్నారు. ఫిజియోథెరపిస్టు స్పాంజి బంతి ఇచ్చి పిసుకుతూ ఉండమంది. ఆ అమ్మాయి వీధి మలుపు తిరగకముందే బంతి మంచం కిందకి పోయింది.

మార్చి 15

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చేసరికి నా కార్లుండే అద్దాల బీరువా బార్లా తెరిచి ఉంది. పసుపు కారు అత్తయ్య ఒళ్ళో! పై ప్రాణాలు పైనే పోయాయి. కుడిచేతి గోటితో దాని తలుపు తియ్యాలని చూస్తున్నారు. వేలు జారిపోతోంది. నేను చెయ్యి చాపాను.

"నువ్వు ముట్టుకోకు. నేనే తీస్తాను."

తలుపు రాలేదు. ఇంత సోకు చేసిన బండికి రెండే సీట్లేమిటి, దీన్ని రూట్లో తిప్పితే డీజిలు ఖర్చయినా వస్తుందా అని విసుక్కున్నారు. ఆవిడ విసుక్కుని ఎన్నాళ్ళయిందో. ప్రాణం లేచొచ్చింది.

మార్చి 19

తలుపు తెరుచుకుంది.

మార్చి 26

బానెట్ కూడా. డిక్కీ కూడా. వేళ్ళల్లో పట్టు వచ్చిందని ఫిజియోథెరపిస్టు మురిసిపోయింది. బంతి మహిమ అని అత్తయ్య రెప్ప వెయ్యకుండా చెప్పారు. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

ఏప్రిల్ 2

అత్తయ్య చేతిలో పసుపు దాని సైడు అద్దం విరిగింది. గుండె చివుక్కుమంది. అది నా మొహంలో కనబడినట్టుంది. షాపులో వాడే జిగురుతో అతికించి, ఏమీ తెలియట్లేదు చూడండి అన్నాను. అత్తయ్య చూడలేదు. లేచి వెళ్ళి బీరువా మూసేశారు.

ఏప్రిల్ 6

మళ్ళీ ఆ గోడే. చెయ్యి మళ్ళీ ఒళ్ళోనే. ఆయన బతిమాలారు, ఫిజియోథెరపిస్టు కసిరింది. ఊహూఁ.

ఏప్రిల్ 7

పొద్దున్నే ఎర్రకారు పెట్టె తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. సీలు తియ్యమన్నాను. ఆయన ముందే చెప్పేసినట్టున్నారు.

"విప్పితే విలువ పోతుందటగా?"

"పోతే పోనివ్వండి అత్తయ్యా. లోపలేముందో నాకూ చూడాలనుంది."

పెట్టె ఒళ్ళోకి లాక్కున్నారు. తర్వాత కుడిచేత్తో సీలు కొస పట్టుకుని చర్రున చింపేశారు.

లోపల సీట్లు తెల్లవి. ఎంత బాగున్నాయో! ఇద్దరం వంతులేసుకుని స్టీరింగ్ తిప్పాం. షాపుకి ఆలస్యమయింది. కారు వల్ల అని చెప్పాను. అబద్ధమేం కాదుగా.

ఏప్రిల్ 20

బొమ్మకార్ల కలెక్టర్ల మీట్‌కి అత్తయ్య తనూ వస్తానన్నారు. పెద్ద పేరున్న కలెక్టరొకాయన కార్లన్నీ గాజుపెట్టెల్లో పెట్టి తెచ్చాడు. ఒక బానెట్ తీసి చూపించమని అడిగారు అత్తయ్య. ఇంతవరకు తియ్యలేదండీ అన్నాడాయన గర్వంగా.

"మరి లోపల ఇంజనుందో లేదో నీకెలా తెలుసు బాబూ?"

అందరూ గొల్లుమన్నారు. పాపం, కాసేపటికి ఆయనే ఓ మూల కూర్చుని గాజుపెట్టె విప్పుతూ కనబడ్డాడు.

ఏప్రిల్ 29

అత్తయ్య షాపుకి ఫోన్ చేశారు. ఆకుపచ్చది వచ్చిందట. నేను వచ్చేదాకా ఆగలేక విప్పేశారట. డిక్కీ కాస్త బిగువుగా ఉందట.

నేను ఆకుపచ్చది ఏదీ ఆర్డరు పెట్టలేదు.