పులాకా పెట్టెకి నలభై ఎనిమిది బస్తాలు

అమ్మా, ఫునాఫుటిలో అందరం క్షేమం, దిగులు పడకు.

ఇక్కడి మా పులాకా గుంటలోకి సముద్రపు నీరు ఊరడంతో దుంపలన్నీ కుళ్ళాయి. అయినా నేను వదిలేది లేదు, చెక్కపెట్టెలో పెంచుతాను. పెట్టె ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, రెండు లోతు. అంటే అరవై నాలుగు ఘనపుటడుగులు. బస్తాకి రెండేసి పడతాయని ముప్పై రెండు బస్తాల ఆకుమట్టి మోసి అంచుదాకా నింపాను. నాలుగు వానలకే మూడోవంతు కుంగింది. పక్కింటి సలీలో అత్త ఒకటే నవ్వు: "పెట్టెని కొలిచావు సరే, ఆకుని కొలిచావటే? చివికాక అంతే ఉంటుందా?" ఉక్రోషం వచ్చింది గానీ మాట నిజమే. మొత్తం నలభై ఎనిమిది కావాలి. మిగతా పదహారూ నేనే మోస్తాను.

నీ మోకాలు ఎలా ఉంది? పంది ఈనిందా? వచ్చే ఓడలో తమ్ముడి చేత పులాకా పిలకలు పంపు. గుంటలో ఏ ఆకు మీద ఏ ఆకు పరుస్తావో ఇన్నేళ్ళూ కన్నకూతురికైనా చెప్పలేదు, ఇప్పుడు చెప్పక తప్పదు. ఆ ఇంటిగుట్టు కార్డు మీద మాత్రం రాయకు, తమ్ముడి చెవిన వెయ్యి. అక్కడ కార్డులు పంచేది సలీలో అత్త చెల్లెలే కదా!

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీకంటే ముందే ఇది చదివిన ఆ పిన్నికీ నా దండాలు.

నీ పసెమెతా