బిల్గూన్‌గాడి మొదటి కత్తెర

మామయ్యా, ఫోన్ చేసి మాట్లాడాలంటే సిగ్గు. అందుకే మెసేజ్ పెడుతున్నా.

మా తమ్ముడు బిల్గూన్‌గాడికి లాటరీలో సర్కారు పిల్లలబడి సీటొచ్చింది కదా. వాడి జుట్టు నిండా పేలంట. "సోమవారానికి గుండు చేయించకపోతే సీటు వేరేవాళ్లకిచ్చేస్తాం" అంది టీచరమ్మ. డబ్బులు కట్టే బడికి పంపలేం. వాడు ఇంట్లో ఉంటే అమ్మ కుట్టుపనికి పోవడం కుదరదు.

గుండుకి ముందు పుట్టుజుట్టుకి మొదటి కత్తెర పడాలి కదా, అది మన పన్నెండు జంతువుల ఏళ్లలో కుందేలు ఏడాదిలో పుట్టినోళ్లే వేయాలన్నారు లామాగారు. మనింట్లో ఆ ఏడాదోడివి నువ్వొక్కడివే. రమ్మంటే ఒకసారి బండి చెడిందన్నావు, ఇంకోసారి గుర్రానికి జలుబన్నావు. కత్తెర పడితే నువ్వు మాటిచ్చిన గుర్రప్పిల్లని ఇవ్వాలి కదా, అదేనా భయం? తప్పుగా అంటే ఏమనుకోకు. అమ్మకి మాత్రం వాళ్లన్న చేతి కత్తెరే కావాలంట.

టీచరమ్మదీ కుందేలు ఏడాదేనంట. "మీ మామ రాకపోతే ఆదివారం నేనే వేస్తాలే. గుర్రం ఇవ్వలేను గానీ రంగు పెన్సిళ్లిస్తా" అంది. వాటితో మామయ్య ఇవ్వని గుర్రాన్ని గీస్తాడంట వీడు. ఆ బొమ్మని టీచరమ్మ బడి తలుపుకి అంటించి, కింద నీ పేరు రాస్తుందంట. పూర్తి పేరేంటని నన్నడిగింది.

ఇంకా చెప్పలేదు మామయ్యా. ఆదివారం పొద్దున దాకా ఆగుతా.